ఊపిరికి కోచింగ్

"నాయినా, నేనెవరో చెప్పు."

బక్కయ్య కొడుకు మొహంలోకి చూశాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ, వాటి వెనక దుకాణం షట్టరు సగం దించినట్టుంది.

"మట్టయ్యవు."

మట్టయ్య ఆయన తమ్ముడు. నకిరేకల్ అవతల బత్తాయి తోట దగ్గర ఉంటాడు. మంచం పట్టె మీద కూర్చున్నవాడు కన్నకొడుకు కృష్ణ. ఎల్బీ నగర్‌లో ఈ ఇంట్లోనే పెరిగి, సర్కారు బడిలో పంతులై, ప్రస్తుతం తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మెలో ఉన్నవాడు.

"అమ్మా! నాయిన నన్ను చిన్నాయిన చేసిండు!"

అరుణమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "పొద్దుపొద్దున ఏం లొల్లిరా? నిద్రమత్తు. మొకం తుడిస్తే పోతది."

"వారం సంది గిదే మాట చెప్తున్నవు. లేస్తే తలకాయ పగులుతుందంటడు. జావ నోట్ల వెట్టుకొని ఒరుగుతడు. ఇయ్యాల నన్నే గుర్తువడ్తలేడు. గిది నిద్రమత్తా?"

"రిపోర్టు మంచిగనే వచ్చె గదరా..."

"గదే నాకు సమజైతలేదు! రిపోర్టేమో ఫస్ట్ క్లాసు, మనిషేమో గిట్ల!"

అరుణమ్మ మొహం తుడవడానికి బట్ట తడిపింది. తడిబట్ట పిండింది. పిండిన బట్టనే మళ్లీ పిండింది.

బస్సు నడిపే రోజుల్లో బక్కయ్య పొట్టకూ స్టీరింగుకూ మధ్య వేలు దూరేది కాదు. పేరు బక్కయ్య, మనిషి బస్తా. రెండేళ్ల కిందట, కండరాలను కరిగించే మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చి పేరుకు న్యాయం చేసింది. ముందు చేతులు, తర్వాత కాళ్లు. ఆ తర్వాత నాలుక బరువెక్కి మాట ముద్దముద్దగా మారింది. "ఇన్నేండ్లు మోటారు నడిపిన, జబ్బు గూడ మోటారుదే వచ్చింది. డిపార్ట్‌మెంటు మారలే" అని, చూడవచ్చి ఏడవబోయిన చుట్టాలను ఆయనే నవ్వించి పంపేవాడు.

ఈ మధ్య ఊపిరి లాగే కండరాలు కూడా అలిసిపోయాయి. అందుకని పడుకునేటప్పుడు ముక్కుకూ నోటికీ కలిపి ఒక మాస్కు, మాస్కుకో గొట్టం, గొట్టం చివర చెప్పుల డబ్బా అంత మిషను. ఆయన పీల్చబోతే అది గాలిని లోపలికి తోస్తుంది. బైపాప్ అంటారు. అరుణమ్మ బైపాపు అంటుంది. పాపం, అది ఏ పాపమూ ఎరగదు.

ఆ తోపు చాలుతోందో లేదో చూద్దామని డాక్టరమ్మ పోయిన వారం ఒక క్లిప్పు ఇచ్చి పంపింది. వేలికి తగిలించుకుని నిద్రపోతే, రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడెంతుందో అది తెల్లవార్లూ గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున తీసి చూస్తే ఒక్కసారి కూడా తగ్గలేదు. "బాగుంది, మిషను ఇలాగే ఉంచుదాం" అంది డాక్టరమ్మ. ఇల్లంతా పండగ చేసుకుంది. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలో తమకే దక్కినంత సంబరం. ఆ పండగ నాటి నుంచే మనిషి మసకబారుతూ వస్తున్నాడు.

కృష్ణ ఆ డాక్టరమ్మకే మళ్లీ ఫోను చేశాడు. డాక్టర్ సూర్యప్రభ మూసారాంబాగ్ నుంచి స్కూటీ మీద బయలుదేరిందట. సమ్మెకు బస్సులు డిపోల్లో ఉన్నాయి, బంద్‌కు ఆటోలు ఇళ్లల్లో ఉన్నాయి. "మాస్కు పెట్టే ఉంచండి, తల ఎత్తుగా ఉంచండి. పిలిస్తే పలక్కపోతే మాత్రం నాకోసం చూడొద్దు, అంబులెన్సును పిలవండి. దానికి ఎవరైనా దారిస్తారు" అని చెప్పి పెట్టేసింది.

అంతలో కరెంటు పోయింది.

మిషను ఒక్క కూత కూసి మళ్లీ అందుకుంది. కిటికీ చువ్వల్లోంచి దిగిన ఎర్రటి వైరొకటి దాని వెనక గుచ్చి ఉంది. ఆ వైరు రెండో కొస పైవాటాలో, కిరాయికుండే జోగారావు ఇన్వర్టరులో ఉంది. బొగ్గు గనులు కూడా సమ్మెకు దిగి కోతలు మొదలైన రోజునే ఆయన తన ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపేసి వైరు కిందికి వదిలాడు. పైన ఆయనా ఆయన భార్యా అట్టముక్కలతో విసురుకుంటున్నారు.

జోగారావు మెట్లు దిగి గుమ్మంలో నిలబడ్డాడు. రాజోలు మనిషి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్లో ఎంసెట్ పిల్లలకు ఫిజిక్సు చెబుతాడు.

"మిషను తిరుగుతోందాండీ?"

"తిరుగుతుంది," అన్నాడు కృష్ణ, గోడకు చెబుతున్నట్టు.

పోయిన వారం రాష్ట్రం సంగతి మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచి వాళ్ల మధ్య మిగిలినవి రెండే. ఒక వైరు, ఒక వైరం.

జోగారావు వెనకాలే ఆయన భార్య వెంకాయమ్మ గిన్నె పట్టుకుని దిగింది. ఆమెకు కింద జరుగుతున్న గొడవ తెలియదు.

"వదినగారూ, పెసరపప్పు పాయసం. రిపోర్టు బాగొస్తే అంతర్వేది స్వామికి నైవేద్యం పెడతానని మొక్కుకున్నానండీ. ఇవాళ్టికి కుదిరింది. రాక చస్తుందా మరి! మావారు దగ్గర కూర్చుని చెప్పాక ఫెయిలైన వాడెవడు?"

"వెంకాయమ్మా," అన్నాడు జోగారావు మెల్లగా.

"ఏం, ఉన్నమాటేగా! రెండ్రోజులు ఊపిరి ప్రాక్టీసు పెట్టించారా? ఆ రాత్రి కుర్చీలో కూర్చోబెట్టి, కునుకు పడితే చన్నీళ్లు చల్లి, తెల్లారేదాకా రెప్ప వాల్చనిచ్చారా? పేరుకే జోగారావు గానీ తను జోగలేదు, అన్నయ్యగారిని జోగనివ్వలేదు!"

మాస్కుకు లీకు లేకుండా చూసుకోండని డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. వెంకాయమ్మ లీకు సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇంతసేపూ గోడ వైపు చూస్తున్న కృష్ణ జోగారావు వైపు తిరిగాడు.

"నిద్రల చెయ్యాల్సిన పరీక్ష," అన్నాడు కృష్ణ ఒక్కో మాట తూచి, "మేల్కొలిపి చేయించిన్రా?"

"అది కాదు కృష్ణా..."

"మాస్కు వెట్టి డాక్టరుకే మస్కా కొడ్తిరా సార్? మీ దిల్‌సుఖ్‌నగర్ ఎవ్వారం మా నాయిన మీద చూపిస్తిరి. మార్కులొస్తె చాలు! పిల్లగాడు బతికిండా సచ్చిండా మీకెందుకు!"

"మాట జారకు. నేను..." జోగారావు కళ్లు అరుణమ్మ వైపు వెళ్లాయి. ఆమె తడిబట్ట వైపు చూస్తోంది. ఆయన ఆ మాట అక్కడే ఆపేశాడు. "తప్పే. నాదే తప్పు."

"ఖాళీ చెయ్యుండ్రి. నెలాఖరుకు కాదు, ఇయ్యాలనే."

వెంకాయమ్మకు చేతిలో గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "బావుందయ్యా! ఖాళీ చేస్తే మా ఇన్వర్టరు..."

"ఇన్వర్టరు ఎక్కడికీ రాదు," అన్నాడు జోగారావు. "మనమే వెళ్తాం. పద."

ఆమె పైకి వెళ్లింది. ఆయన మాత్రం పైకి పోలేదు. గేటు దగ్గర అరుగు మీద, ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాడు. వైరు కనిపించేంత దూరంలో.

అరుణమ్మ తడిబట్ట పక్కన పడేసింది.

"సారును అంటవేందిరా. నేను మెట్ల మీద కూసోని ఏడిస్తే ఒప్పుకున్నడు."

"నువ్వా?"

"దవాఖాన వరండల ఒకామె చెప్పింది. రిపోర్టు ఖరాబొస్తె ఊపిరి గొట్టానికి గొంతుకు బొక్క వెడతరట. మాట పోతదట. మీ నాయినకు చేతులు పాయె, కాళ్లు పాయె. మాట ఒక్కటే మిగిలె. అది గూడ పోతే, ఈ ఇంట్ల నేను ఎవరితోని మాట్లాడాలెరా?"

"నాకెందుకు చెప్పలె మరి?"

"నువ్వు ఇంట్ల ఉంటివా? చౌరస్తల టెంటు కింద కూసుంటివి. రాష్ట్రం కోసం కూసున్నవు, మంచిదే. వద్దన్ననా? గా రాత్రి మీ నాయిన కోసం సారు కూసున్నడు."

కృష్ణ దగ్గర నినాదాలు చాలా ఉన్నాయి. దీనికి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

బయట స్కూటీ ఆగింది. డాక్టర్ సూర్యప్రభ మొహానికి చుట్టుకున్న చున్నీ విప్పుకుంటూ లోపలికి వచ్చింది. "చౌరస్తా దగ్గర ఆపారు. డాక్టర్నంటే మజ్జిగ ఇచ్చి మరీ పంపించారు," అంటూనే మంచం దగ్గర కూర్చుంది.

"బక్కయ్యగారూ, నేనెవర్ని?"

రెప్పలు బరువుగా లేచాయి. "డాక్ట... రమ్మ."

"అమ్మయ్య, బతికించారు."

"గది... మీ పని."

ఆమె నవ్వింది. నవ్వుతూనే క్లిప్పు వేలికి తగిలించింది, నాడి చూసింది, పక్కటెముకలు ఎంత లేస్తున్నాయో అరచెయ్యి ఆనించి చూసింది. నవ్వు తగ్గింది. "రిపోర్టులో ఉన్న మనిషి ఈయన కాదే," అంది.

అరుణమ్మ చెప్పేసింది. ప్రాక్టీసు, కుర్చీ, చన్నీళ్లు, గొంతుకు బొక్క. ఏదీ దాచలేదు. చెప్పి, తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది.

తిట్లు రాలేదు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి చున్నీతో తుడుచుకుంది.

"మెలకువగా ఉన్నప్పుడు మనిషి పంతం పట్టి ఊపిరి లాగుతాడమ్మా. మెడా భుజాలూ అన్నీ సాయానికి వస్తాయి. నిద్రలో అవీ పడుకుంటాయి. అప్పుడు మిషను ఒక్కటే ఎంత మోస్తోందో నాకు తెలియాలి. మీరు నాకు మెలకువ లెక్క పంపారు. నేను దాన్ని నమ్మి మిషను పెంచలేదు. ఆయన నిద్రపోయారా, పొద్దున తలనొప్పి ఉందా అని నేనూ అడగాల్సింది. అంకెలు బాగున్నాయని అడగలేదు."

"ఆక్సిజన్ సిలిండరు తెప్పియ్యాల్నా మేడం?" అన్నాడు కృష్ణ.

"వద్దు. ఈయనకు గాలి కొరత కాదు, గాలిని తోసే బలం కొరత. లోపలి పాత గాలి బయటికి పోవట్లేదు. తలనొప్పీ ఈ మత్తూ దానివల్లే. పాతది ఖాళీ చేస్తేనే కదా కొత్తది దిగేది?"

మాస్కు కింద పెదాలు కదిలాయి. అందరూ వంగారు.

"ఖాళీ... చేయించుడు... మా వోనికి... మంచిగ వచ్చు."

మత్తులో ఉన్నాడనుకున్న మనిషి అంతా విన్నాడు! కృష్ణకు చెవులు వేడెక్కాయి. డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు గానీ, రోగి ఎగతాళి చేయగలుగుతున్నాడంటే పరుగెత్తి ఆసుపత్రిలో చేర్చే దాకా రాలేదని అర్థమైంది.

"ఇప్పుడేం చేద్దామంటే, ఆయనకు ఎలాగూ నిద్ర వస్తోంది. పోనిద్దాం. నా కళ్లముందే. అంకె ఎక్కడ పడుతుందో చూసి మిషను సరిచేస్తాను. సాయంత్రం రక్తపరీక్ష చేయిద్దాం. అప్పటికీ మత్తు దిగకపోతే నాతోనే తీసుకెళ్తాను." అరుణమ్మ వైపు తిరిగింది. "ఒక్కటే షరతు. లేపకూడదు."

"లేపను."

"అంకె పడుతుంటే చూడలేరు. అయినా లేపకూడదు."

"లేపనంటిని గదమ్మా," అంది అరుణమ్మ. అని, చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

బక్కయ్య నిద్రలోకి జారాడు. బండి న్యూట్రల్‌లో పెట్టి వాలులో వదిలినట్టు, చప్పుడు లేకుండా. క్లిప్పు మీద తొంభైమూడు ఉంది. తొంభై అయింది. ఎనభైఎనిమిది. ఛాతీ లేవడం తగ్గి, పొట్ట దగ్గరేదో చిన్నగా కదులుతోంది. ఎనభైఆరు.

"డాక్టరమ్మా... తగ్గుతుంది."

"తగ్గనివ్వండి. తగ్గితేనే ఎంత కావాలో తెలిసేది."

విశ్వాసంలోనే శ్వాస ఉందని చెప్పుకోవడానికి బాగుంటుంది. కళ్లముందు అంకె జారుతుంటే ఆ రెంటినీ కలిపి పట్టుకోవడం అరుణమ్మ వల్ల కాలేదు. కొంగులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. భర్త భుజం దాకా పోయింది. డాక్టరమ్మ ఏమీ అనకుండా ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని పట్టుకుంది.

అప్పుడు వినిపించాయి, డప్పులు.

మొదట వీధి చివర. తర్వాత కిరాణా కొట్టు మలుపులో. చౌరస్తాకు పోయే ర్యాలీ. జై తెలంగాణ నినాదం ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వస్తోంది. ఆ డప్పుకు పడుకున్నవాడేమిటి, పోయినవాడు కూడా లేచి కూర్చుంటాడు.

"ఇప్పుడు లేచారంటే ఇదంతా మొదటికొస్తుంది," అంది డాక్టరమ్మ.

కృష్ణ కిటికీలోంచి చూశాడు. అతను కదిలేలోపే గేటు దగ్గర అరుగు మీది మనిషి లేచాడు. లుంగీ సర్దుకుని నడివీధిలోకి పోయి, డప్పులకు అడ్డంగా, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"బాబూ, దయచేసి... ఈ ఇంట్లో రోగి ఉన్నారండి. నిద్రపోవాలండి. ఈ నాలుగిళ్లు దాటేదాకా డప్పులు ఆపండి బాబూ."

ఆ అండీలు వినగానే ముందు వరసలో కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవలు సార్ నువ్వు? మా ర్యాలీ ఆపేటందుకు నీది ఏ ఊరు?"

జోగారావు ఏ ఊరని చెబుతాడు? రాజోలు అంటే ఒక గొడవ, ఎల్బీ నగర్ అంటే ఇంకో గొడవ. చేతులు అలాగే జోడించి ఉంచాడు.

కృష్ణ చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు. పోయి ఆయన పక్కన నిలబడ్డాడు. "అన్నా, నేను కృష్ణను. మా నాయిన పండుకున్నడు. నిద్ర లేస్తే పానం మీదికొస్తది. సారు మా ఇంటి మనిషి. జర ఆపుండ్రి."

అరుణమ్మకు ఆ మాటలు వినిపించలేదు. డప్పులు ఆగిపోవడం ఒక్కటే వినిపించింది. తర్వాత చాలాసేపు చెప్పుల చప్పుడు, అదీ మెత్తగా. కిటికీలోంచి పిడికిళ్లు మాత్రం లేస్తూ దిగుతూ సాగిపోయాయి. నోళ్లన్నీ మూతపడే ఉన్నాయి. బతుకమ్మలు ఎత్తుకున్న ఆడవాళ్లు ఈ ఇంటి ముందు పాట మింగేసి, దాటాక కూడా కొంతదూరం వరకు ఎత్తుకోలేదు.

"ఎనభైనాలుగు," అంది డాక్టరమ్మ తనలో తాను. అని, చెయ్యి వదిలి లేచింది. ముందు చెంప దగ్గర గాలి జారుతున్న చోట మాస్కు పట్టీ సర్దింది. తర్వాత మిషను మీద గాలి తోపు ఒక మెట్టు పెంచింది. ఆగింది. ఇంకో మెట్టు పెంచింది.

మిషను గొంతు మారింది. నిండుగా ఒక ఊపిరి, విరామం, మళ్లీ నిండుగా ఒక ఊపిరి. బక్కయ్య పక్కటెముకలు దుప్పటి కింద పైకి లేచాయి, చాలా రోజుల తర్వాత. ఎనభైతొమ్మిది. తొంభైరెండు. తొంభైఅయిదు దగ్గర అంకె కుదురుకుని కూర్చుంది.

అరుణమ్మ కూడా నేలమీద కూర్చుండిపోయింది. డాక్టరమ్మకు దండం పెట్టింది, ఆమె వద్దంది. మిషనుకు పెట్టింది. కిటికీ బయట చివరి పిడికిలి దాటిపోతుంటే దానికి పెట్టింది. ఇంకా చేతులు దిగక, ఆ ఎర్ర వైరుకు కూడా పెట్టింది.

చాలాసేపటికి బక్కయ్య తనంతట తానే లేచాడు. లేచాక ఆయన కళ్లల్లో షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. మాస్కు తీయమని సైగ చేశాడు.

"తల... నొస్తలేదు," అన్నాడు. మొదట అదే అన్నాడు. ఇల్లంతా ఒకసారి చూసి, కొడుకు దగ్గర ఆగాడు. "సారును... అంటివి. అన్ని మాటలు... అంటివి."

"తప్పైంది నాయినా."

"గా రాత్రి... పరీక్ష పాడైంది... నిజమే. కని రాత్రంత... నాతోని మాట్లాడిండు. వాళ్ల ఊరు... కొబ్బరితోట... ఈత రాక మునుగుడు... అన్నీ. నా ముద్దమాట... సమజ్ గాకపోతే... మళ్ల అడిగిండు. మళ్ల మళ్ల... అడిగిండు. ఇసుక్కోలే." ఊపిరి కోసం ఆగాడు. "జబ్బొచ్చినంక... నాతోని గంత సేపు... ఎవరు మాట్లాడిన్రు?"

ఆయన చూపు డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఇగ... డాక్టరమ్మా."

"చెప్పండి."

"గొంతుకు బొక్క... గా సంగతి చెప్పుండ్రి. పెడితే ఏంది... పెట్టకుంటే ఏంది. దాయకుండ. ఏం జెయ్యాల్నో... నేను చెప్త."

డాక్టర్ సూర్యప్రభ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇవాళ్టికి ఆ అవసరం లేదు. కానీ అడిగారు కాబట్టి చెప్తాను. ఇలాంటివి ముందే..."

"ఆగమ్మా," అంది అరుణమ్మ.

లేచి తలుపు వైపు నడిచింది. వినలేక పోతోందనుకున్నాడు కృష్ణ. "అమ్మా, యాడికి?" అన్నాడు. ఆమె గడప దాకా పోయింది. గుమ్మంలో నిలబడి గేటు వైపు చూసింది. ర్యాలీ పోయాక జోగారావు మళ్లీ అరుగు మీద, ఇంటికి వీపు పెట్టే కూర్చుని ఉన్నాడు.

"అన్నా!"

ఇన్నేళ్లూ "సారూ" అని పిలిచిన గొంతు. అందుకే ఆయన తననేనని వెంటనే తిరగలేదు.

"నిన్నే అన్నా. బయట కూసుంటే ఎట్ల? డాక్టరమ్మ ఏందో చెప్తదట. ఇంట్లోళ్లం అందరం ఇనాలె. వదినెను గూడ పిలువు."

జోగారావు లేచి వచ్చాడు గానీ గడప దగ్గర ఆగి కృష్ణ వైపు చూశాడు. కృష్ణ మంచం పట్టె మీద నుంచి లేచి, తండ్రి తల పక్క చోటు వదిలి, వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. పైనుంచి వెంకాయమ్మ మెట్లు దిగుతున్న చప్పుడు.

అందరూ సర్దుకున్నారు. డాక్టరమ్మ ఎక్కడ మొదలుపెట్టాలా అని ఒక్కొక్కరి మొహమూ చూసింది. బక్కయ్య నోరు తెరవబోయాడు.

అంతకన్నా ముందే అరుణమ్మ అడిగింది.

"మాట పోతదా?"